నల్లమల బాటల విలువ టికెట్ లెక్కకు అందదు

సంపాదకులకు,

మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం, సలేశ్వరం బాటల విలువను టికెట్ వసూళ్లతో కొలవడం పొరపాటు. అక్కడికి చేరడానికి జనం పెట్టే ఖర్చును చూడాలి. 1947లో అమెరికా ఆర్థికవేత్త హోటెలింగ్ సూచించిన దారి ఇది. తిరిగొచ్చేవాళ్లను ఆపి ఊరు, బండి, అందులో ఎందరు, పట్టిన సమయం అడగాలి. కారు ఖర్చు రూ.3,000, మనుషులు ఐదుగురైతే తలకు రూ.600. సమయానికి కూలిలో మూడో వంతు కలపడం వాడుక. బాట చుట్టూ దూరాన్ని బట్టి వలయాలు గీసి, ఒక్కో వలయం నుంచి వెయ్యి జనాభాకు ఎందరొస్తున్నారో చూస్తే ఖర్చు పెరిగేకొద్దీ రాక ఎంత తగ్గుతుందో తేలుతుంది; దాన్నుంచే బాట విలువ లెక్కకొస్తుంది.

లెక్క చెడేది శ్రీశైలం యాత్రికుల దగ్గరే. దారిలో మల్లెలతీర్థం దిగినవాళ్ల యాత్ర ఖర్చంతా జలపాతం ఖాతాలో వేస్తే విలువ ఉబ్బిపోతుంది. పక్కకు తిరిగిన దూరం వరకే రాయాలి. సలేశ్వరం జాతర రద్దీని ఏడాదంతటికీ సాగదీయడమూ అంతే.

— ఒక పాఠకుడు, అచ్చంపేట