గంటస్తంభం దగ్గర సెల్ షాపు తమ్ముడికి

సిరిమాను పండగ ముందు మా ఊళ్ళో టైలర్ల పరిస్థితి ఎలా ఉంటుందో విజయనగరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మంగళవారం పండగ. ఆదివారం సాయంత్రానికి దాసన్నపేటలో మా కొట్టులో ఇంకా ఇరవై జాకెట్లు కుట్టాల్సినవే ఉన్నాయి. ఆ హడావిడిలో ఫోన్‌లో "సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?" అని వస్తే, మిషన్ ఆపకుండానే "అవును" నొక్కేశాను. తప్పు నాది కూడా అని ముందే ఒప్పుకుంటున్నాను.

అసలు సంగతేంటంటే, ఇంటర్ చదివే మావాడికి వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. ఫోన్‌లో ఆడే బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో యూసీ అని ఉంటుందట, అంటే ఆటలో వాడుకునే డబ్బు, అది పండగకి ఉచితమని. పంపింది క్లాస్‌మేటే, కానీ అప్పటికే ఆ అబ్బాయి ఖాతా వేరేవాళ్ళ చేతిలో ఉంది. మావాడు అందులో మెయిల్, పాస్‌వర్డ్ కొట్టేశాడు. ఆ మెయిల్ నాదే. మా ఫొటోలు, బ్యాంకు మెసేజీలు, కస్టమర్ల కొలతలు అన్నీ అందులోనే.

రాత్రి తొమ్మిదిన్నరకి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నువ్వు షట్టర్ దించుతున్నావు. "ఏటైంది అక్కా, ముందు కూర్చో" అన్నావు. వాడిని ఒక్క మాట అనలేదు, నన్నూ అనలేదు. నా ఫోన్ ఇంకా లాగిన్‌లోనే ఉండటం మన అదృష్టమని, అందులోనే పాస్‌వర్డ్ మార్పించావు. మా మెయిల్ తెరిచి ఉన్న ఫోన్ల జాబితాలో మేం ఎప్పుడూ చూడని ఫోన్ ఒకటి కనిపిస్తే దాన్ని బయటికి తోసేయించావు. నేనైతే అక్కడితో లేచి వచ్చేసేదాన్ని. రికవరీ మెయిల్, అంటే పాస్‌వర్డ్ పోతే ఖాతా తిరిగి తెచ్చుకోడానికి పెట్టుకునే ఇంకో మెయిల్, అది చూడమన్నది నువ్వే. అక్కడ ఎవడిదో అడ్రస్ చేరి ఉంది! అది ఉండిపోతే వాడు మళ్ళీ వచ్చేవాడే కదా. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నావు. మాకు పోలేదు కాబట్టి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించావు.

తర్వాత ఆ లింకు నొక్కకుండానే చదివించావు చూడు, అది నాకు బాగా ఎక్కింది. మొదటి రెండు ఏటవాలు గీతలు (//) వదిలేసి, తర్వాత వచ్చే ఒంటి గీత (/) దగ్గర ఆగి వెనక్కి చదవమన్నావు. "మనకి ఇంటిపేరు ముందుంటుంది అక్కా, వీటికి చివర్లో ఉంటుంది. ముందు పేరు ఎవడైనా ఎవరిదైనా పెట్టుకోవచ్చు" అన్నావు. నిజమే, ముందు ఆట పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది, చివర ఇంకేదో సంబంధం లేని పేరు. మావాడు తెరిచినప్పుడు అడ్రస్ పక్కన తాళం బొమ్మ మాత్రం ఉందట, కానీ అది దొంగ పేజీకీ ఉంటుందన్నావు.

ఇంకోటి. రోజూ తనంతట తనే పాస్‌వర్డ్ నింపే ఫోన్ ఆ పేజీలో నింపలేదని మావాడే చెప్పాడు. ఫోన్‌కి తెలిసింది మాకు తెలియలేదు! ఆట కంపెనీ అసలు పేజీలో క్యారెక్టర్ ఐడీ (ఆటలో మన నంబరు), బహుమతి కోడ్ వేస్తే చాలని, మెయిల్ పాస్‌వర్డ్ అడగదని వాడికి అప్పుడే తెలిసింది.

గంటన్నర కూర్చున్నావు, టీ డబ్బులు కూడా నువ్వే ఇచ్చావు. చాలా థాంక్స్ తమ్ముడూ. అమ్మగారి జాకెట్ కొలతలు పంపమన్నాను, ఇంకా పంపలేదు. ఈ పోస్టు చూస్తే పంపు, దీపావళి లోపు కుట్టి ఇచ్చేస్తాను.