మాక్స్‌వెల్ ఉద్యోగం ఊడిన ఊరు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. స్కాట్లండ్‌లోని ఈ అబర్డీన్‌లో చమురు కంపెనీలు, చలి తప్ప ఇంకేముందిరా అని అడిగావు. ఇంకెవరైనా అంటే ఊరుకునేవాణ్ణి. పొద్దున ఫిజిక్స్ పాఠం చెప్పి, సాయంత్రం నాటకం రిహార్సల్‌కు పరుగెత్తే నువ్వు ఆ మాట అనవచ్చా?

ముందు మాక్స్‌వెల్ సంగతి. నువ్వు ఏటా బోర్డు మీద రాసే విద్యుత్తు, అయస్కాంతత్వం సమీకరణాల మాక్స్‌వెలే! 1856లో ఇక్కడి మారిషల్ కాలేజీకి ప్రొఫెసర్‌గా వచ్చాడు, పాతికేళ్ల కుర్రవాడు. శనిగ్రహం వలయాలు ఒకే గట్టి పళ్లెంలా ఉంటే నిలవలేవనీ, అవి లెక్కలేనన్ని చిన్న ముక్కలై విడివిడిగా తిరుగుతూ ఉండాలనీ ఇక్కడున్న రోజుల్లోనే లెక్కగట్టి చూపించాడు. ప్రిన్సిపాల్ గారి అమ్మాయి కేథరిన్‌ను 1858లో పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన ఉద్యోగం ఊడింది.

కారణం వింటే నీకూ కడుపు మండుతుంది. అప్పట్లో ఈ ఒక్క ఊళ్లో రెండు విశ్వవిద్యాలయాలు ఉండేవి. బిషప్ ఎల్ఫిన్‌స్టన్ పోప్ అనుమతితో 1495లో పెట్టిన కింగ్స్ కాలేజీ ఒకటి. స్కాట్లండ్ ప్రొటెస్టెంటు దేశమయ్యాక 1593లో ఎర్ల్ మారిషల్ అనే బిరుదున్న ప్రభువు పెట్టిన మారిషల్ కాలేజీ రెండోది. దేని పట్టాలు దానివే, దేని పంతాలు దానివే. ఇంగ్లండ్ మొత్తానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మాత్రమే ఉన్న కాలంలో ఇక్కడ ఊరికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి! 1860లో రెండింటినీ కలిపేశారు. ఒక సబ్జెక్టుకు ఇద్దరు ప్రొఫెసర్లు ఎందుకన్నారు. పదవి కింగ్స్ కాలేజీ ఆయనకు దక్కింది, మాక్స్‌వెల్ లండన్ దారి పట్టాడు. కలపడం తప్పని నేననను. రెండు చోట్లా అవే పాఠాలు చెప్పడం దండగే. కానీ అలాంటి మనిషికి ఒక కుర్చీ మిగల్చలేకపోయారన్నది మాత్రం నాకు మింగుడుపడదు.

మారిషల్ కాలేజీలో ఇప్పుడు నగర పాలక సంస్థ ఆఫీసులున్నాయి. ముందు భాగం 1906లో పూర్తయింది, అంతా బూడిదరంగు గ్రానైటు. అంత గట్టి రాయిని సన్నటి శిఖరాలుగా ఎలా చెక్కారో, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడతాను. వాన వెలిసి ఎండ కాసిందంటే రాతిలోని అభ్రకం గూడూరు గనుల దగ్గరి మట్టిలా తళతళలాడుతుంది. కాలేజీ పెట్టిన ఎర్ల్ గారి వంశానికి ఒక నినాదం ఉంది: "అన్నారు. ఏమన్నారు? అననీ." ఎంత ధీమా చూడు!

అదే 1906లో హిజ్ మెజెస్టీస్ థియేటర్ కూడా తెరిచారు. కట్టింది ఫ్రాంక్ మాచమ్, బ్రిటన్‌లో నాటకశాలలు కట్టడంలో అందెవేసిన చెయ్యి. దాని పక్కన చర్చి, ఆ పక్కన గ్రంథాలయం. మూడూ వరసగా ఉంటే ఊరివాళ్లు "విద్య, మోక్షం, నరకం" అని పేరు పెట్టుకున్నారు. నరకం ఏదో వేరే చెప్పాలా? నాకు చురుక్కుమంది. నీకైతే ఇంకా కోపం వస్తుంది.

స్కూళ్లలో గ్రామర్ స్కూల్ చాలా పాతది. ఇంగ్లీషు కవి బైరన్ చిన్నప్పుడు అక్కడే చదివాడు, ముందు ఆయన విగ్రహం ఉంది. నన్ను కట్టిపడేసింది మాత్రం రాబర్ట్ గార్డన్ కాలేజీ కథ. పేరుకు కాలేజీ, నిజానికి స్కూలు. బాల్టిక్ సముద్రం రేవుల్లో వ్యాపారం చేసి గడించిన డబ్బును ఆ గార్డన్ పేద పిల్లల చదువుకు రాసిచ్చి, 1731లో కన్నుమూశాడు. మరుసటి ఏడాదికే భవనం లేచింది కానీ పిల్లలు రాలేదు. 1746లో కలోడెన్ యుద్ధానికి ముందు, తిరుగుబాటుదారుల మీదికి వెళుతున్న కంబర్లాండ్ డ్యూక్ ప్రభుత్వ సైన్యం వచ్చి అందులో మకాం వేసింది! 1750లో గానీ బడి తెరవలేదు. పేద పిల్లల కోసం పుట్టిన ఆ బడి ఇప్పుడు ఫీజులు కట్టించుకునే ప్రైవేటు స్కూలు. గార్డన్ గారు చూస్తే ఏమనుకుంటారో అని మనసు చివుక్కుమంటుంది. ఆయన పేరుతోనే 1992 నుంచి ఒక విశ్వవిద్యాలయం కూడా ఉంది, మన తెలుగు పిల్లలు అక్కడ చదువుతున్నారు.

డిసెంబరులో మాత్రం రావద్దు, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. జూన్‌లో రా, రాత్రి పదింటిదాకా వెలుతురే. నాటకం టిక్కెట్లు నేను కొంటాను, నీ సెలవులు ఎప్పుడో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు