బ్రిజిడ్ సెలవు, ఆదివారం పిల్లల అల్లిక

అందరికీ నమస్కారం. సోమవారం ఐర్లండ్ అంతా సెలవు, మర్చిపోకండి. ఫిబ్రవరి 1 ఐర్లండ్ వాళ్ల సాధ్వి సెయింట్ బ్రిజిడ్ రోజు. పాత కెల్టిక్ పండగ ఇంబోల్క్ కూడా అప్పుడే. ఇక్కడివాళ్ల లెక్కలో వసంతం మొదలైనట్టే. బయట చలి చూస్తే నవ్వొస్తుందనుకోండి! ఈ పండక్కి 2023 నుంచి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు, మామూలుగా ఫిబ్రవరి మొదటి సోమవారం.

ఆదివారం సాయంత్రం పిల్లలతో బ్రిజిడ్ శిలువలు అల్లిద్దాం. పచ్చి తుంగలాంటి గడ్డి కావాలి. కత్తితో కోయరట, చేత్తోనే పీకాలి. ఒక్కో పుల్ల మడిచి, పక్కదాని మీదుగా తిప్పుతూ అల్లితే నాలుగు చేతులొస్తాయి. కొసలు దారంతో బిగించాలి. ఇంటికి నిప్పు ముప్పు రాకుండా గుమ్మం పైన పెడతారు, మన తోరణంలా.

బ్రిజిడ్ రోజుకి ముందు రాత్రి బయట గుడ్డ ఆరేసి, బ్రిజిడ్ దీవించిందని ఏడాదంతా తలనొప్పికి కట్టుకునేవాళ్లూ ఉన్నారు. గడ్డి ఎవరు తెస్తారో చెప్పండి.