పాప హాస్టల్ సంగతి

ఆమ్‌స్టెల్వేన్, నెదర్లాండ్స్

అబ్బయ్యా,

అక్క ఆశీస్సులు. మొన్న నువ్వు అడిగినదానికి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. మనిద్దరం మాట్లాడుకుంటే చివరికి అరుచుకోవడమే అవుతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. పాపను హాకీ హాస్టల్‌కు పంపనంటున్నావు. పదమూడేళ్ల పిల్ల, హిందీ ముక్క రాదు, కావలి దాటి ఒక్కరాత్రి ఉన్నది లేదు, ఎట్టా వేగుతుందని నీ దిగులు.

మా ఇంటి నుంచి ఇక్కడి వాగెనర్ హాకీ స్టేడియానికి సైకిల్ మీద పోవచ్చు. 2022 ప్రపంచ కప్‌లో మన ఆడపిల్లలు మూడు మ్యాచ్‌లు అక్కడే ఆడారు. జులై 7న న్యూజిలాండ్‌తో ఆటకు మీ బావా నేనూ పోయాం. ఆటకు ముందు టర్ఫ్‌ను, అదే కృత్రిమ గడ్డి పరిచిన మైదానాన్ని, నీళ్లతో తడిపేస్తారు. తడి మీద బంతి ఎగరదు, జర్రున జారిపోతుంది. మన గ్రౌండులో గులకరాయి తగిలి బంతి లేచి పాప మోకాలికి కొట్టింది చూడు, అది గుర్తొచ్చి నా ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు 4-3తో ఓడిపోయాం. అయినా మూడో క్వార్టర్ చివర్లో లాల్‌రెమ్‌సియామి కొట్టిన గోలుకు నేను గొంతు పోయేలా అరిచాను.

ఆ పిల్లది మిజోరంలో కొలాసిబ్. 2000లో పుట్టింది. పదేళ్లప్పుడో పదకొండేళ్లప్పుడో ఇల్లు వదిలి థెంజాల్‌లో ప్రభుత్వ అకాడమీకి పోయింది, 2016లో ఢిల్లీకి వచ్చింది. అప్పటికి ఆమెకు వచ్చింది మిజో ఒక్కటే. హిందీ మాట మాటా తోటి ఆటగత్తెల దగ్గరే నేర్చుకుంది. పద్దెనిమిదేళ్లకు లండన్‌లో ప్రపంచ కప్ ఆడింది, అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం. భాష రాదనేది పిల్లను ఆపేంత పెద్ద అడ్డం కాదురా. ఇక్కడికొచ్చిన కొత్తల్లో కూరగాయల కొట్లో వేలితో చూపించి కొన్నదాన్ని, నాకు తెలుసు.

పిల్ల దూరాన ఉన్నప్పుడు ఇంట్లో ఏదన్నా జరిగితే ఎట్టా అనే నీ రెండో దిగులుకు మాత్రం నా దగ్గర అంత తేలికైన జవాబు లేదు. 2019 జూన్‌లో జపాన్‌లోని హిరోషిమాలో ఒక హాకీ టోర్నీ సెమీఫైనల్‌కు ముందురోజు ఆ పిల్ల తండ్రి గుండెపోటుతో పోయాడు. కబురు తెలిసీ ఇంటికి పోకుండా ఉండిపోయి ఆడింది. చిలీ మీద గెలిచారు, ఫైనల్లో జపాన్ మీద 3-1. ఆ తర్వాతే వాళ్లమ్మ దగ్గరికి పోయింది. పేపర్లో అది చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. నాన్న పోయినప్పుడు నేను మూడో రోజుకు గానీ రాలేకపోయాను గదా. నువ్వే అన్నీ చేశావు. నేను వచ్చేసరికి నాన్న చెప్పులు గడప పక్కనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. దూరం పోతే ఇట్టాంటివి జరగవని నీకు అబద్ధం చెప్పను. అయినా, నన్ను బస్సెక్కించింది నాన్నే. అందుకు ఏనాడూ బాధపడలేదని అమ్మ చెప్పింది.

ఆ హిరోషిమా ఆట ఆడిన ఏడాదికే లాల్‌రెమ్‌సియామిని ప్రపంచ హాకీ సమాఖ్య వర్ధమాన తారగా ఎంచింది. తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిస్తే ఆ జట్టులోనూ ఉంది. అంత దూరం ఎందుకు, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి రజని భారత జట్టు గోల్‌కీపర్ కాలేదా?

వెంటనే సరే అనమని కాదు. పాపను వెంటబెట్టుకుని ఒకసారి పోయిరా. ఆడపిల్లల గదులు, బాత్రూంలు, అన్నం కళ్లారా చూడు. రాత్రిపూట వార్డెన్ అక్కడే ఉంటుందా, బడి చదువు ఎట్టా, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, అడిగి తెలుసుకో. మనసుకు పట్టకపోతే వెనక్కి తెచ్చేయి, నేను ఒక్క మాట అనను. చూడకుండా మాత్రం వద్దనకు.

పై నెల మా వీధిలో ఒకాయన ఒంగోలు వస్తున్నాడు. ఆయన చేత షిన్ ప్యాడ్లు, స్టిక్ పంపుతా. పాప మోకాలి కింద నుంచి చీలమండ దాకా కొలిచి రాయమను. నేల నుంచి నడుం దాకా ఎత్తు కూడా.

మీ అక్క