వర్తక సంఘం వార్షిక నివేదిక 2024-25: అరచేతిలో అంగడి

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి పందిరి, వానలకు ముందు కాలువ పూడికతీత, డిసెంబరులో వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయను. ఈసారి ఎక్కువ చోటు కొత్త పనికిస్తున్నాను. మన దుకాణాల వెబ్‌సైట్లు ఫోన్లో సరిగా కనబడేలా దిద్దుకోవడం మొదలుపెట్టాం.

నా కొట్టు సంగతే ముందు చెప్పాలి. డాబా గార్డెన్స్‌లో ఏటికొప్పాక లక్క బొమ్మలు, అరకు కాఫీ పొడి అమ్ముతాను. నాలుగేళ్ల కిందట ఒకాయన చేత సైటు చేయించుకున్నాను. ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ముచ్చటేసి అక్కడికక్కడే డబ్బిచ్చేశాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో అరకు చూసొచ్చిన ఒక కుటుంబం బీచ్ రోడ్డులో హోటల్లో దిగి, ఆ సైటు ఫోన్లో తెరిచారట. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వేళ్లతో పెద్దది చేస్తే సగం పేజీ పక్కకు పోయింది. నంబరు ఫొటోలో ఉండటంతో నొక్కినా కాల్ కలవలేదు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఎలాగో నా కొట్టు దగ్గరకు వచ్చాక ఆ ఇంటావిడ అన్నారు: "షాపు తెరిచే ఉంది గానీ, మీ సైటే తలుపేసుకుందండీ."

కార్యవర్గ సమావేశంలో ఈ మాట చెప్పగానే ఎవరి ఫోన్లో వాళ్లు తమ సైటు చూసుకున్నారు. టీలు చల్లారిపోయాయి.

ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు సంఘం హాల్లో కూర్చున్నాం. ఒక సభ్యుడి కూతురు, ఇంజనీరింగ్ విద్యార్థిని, ఓపిగ్గా చూపించింది. చాలా సైట్లలో లేనిది ఒక్క వ్యూపోర్ట్ లైను, అంటే పేజీని ఫోన్ తెర వెడల్పుకే పరచమని చెప్పే లైను. అది లేకపోతే ఫోన్ ఆ పేజీని కంప్యూటర్‌కి చేసిందనుకుని, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, తర్వాత తెరకు సరిపడా కుదించేస్తుంది. అది పెట్టాక కూడా పేజీ అమరిక మార్చక తప్పలేదు. ఇక ఫొటోలు. చీరల కొట్టు సభ్యుడు ఒక్కోటి నాలుగైదు ఎంబీలున్న ఫొటోలు ముప్పై పెట్టాడు. అరకు ఘాట్‌లో సిగ్నల్ అందీ అందక ఉన్నప్పుడు అవి తెరుచుకునేదాకా ఎవరాగుతారు? వాటిని 200 కేబీ లోపుకి దించాం, చీర అంచు ఏమీ మసకబారలేదు.

అన్నిటికన్నా తల తినేసింది తెలుగే. డీటీపీ వాళ్లు అనూ ఫాంట్లలో (ఆ ఫాంటు ఉన్నచోటే తెలుగుగా కనబడేవి) కొట్టిన పాంప్లెట్ మ్యాటరు నేరుగా సైటులో అతికిస్తే ఫోన్లో పిచ్చిగీతలే. కొందరు దాన్ని ఫొటోగా పెట్టారు. అది కనబడుతుంది గానీ, "విశాఖలో లక్క బొమ్మలు" అని వెతికేవాడికి ఆ అక్షరాలు దొరుకుతాయని నమ్ముకోలేం. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లో మళ్లీ కొట్టించడమే దారి.

"కంప్యూటర్లో బాగానే ఉందిగా" అన్నవాళ్లకు ఒక సంగతి. గూగుల్ 2015 ఏప్రిల్ నుంచే ఫోన్ వెతుకులాటలో ఫోన్‌కి అనువైన పేజీలను ముందుకు తెస్తోంది. సైటును ఫోన్ కంటితోనే చదివి జాబితాలో చేర్చుకునే మార్పు 2016లో ప్రకటించి, 2023 అక్టోబరుకి పూర్తయిందని చెప్పింది. కంప్యూటర్లో ఎంత సింగారించినా లెక్కలోకొచ్చేది ఫోన్లో కనబడే రూపమే.

వాట్సాప్ చాలదా అని పూర్ణా మార్కెట్ సభ్యులు గట్టిగానే వాదించారు. వాట్సాప్‌లో ఉన్నది మనల్ని ఎరిగినవాళ్లు. ఋషికొండ చూడ్డానికొచ్చిన కొత్త మనిషి దగ్గర మన నంబరెక్కడిది? అయితే వాళ్ల మాటా కొట్టిపారేయలేను. వీధిలోవాళ్లే కొనే కిరాణా కొట్టుకి సైటు అక్కర్లేదు, గూగుల్ మ్యాప్‌లో వేళలు, నంబరు సరిగ్గా ఉంటే సరి. అలాంటివాళ్లకు ఆ పని మాత్రమే చేశాం.

అందరి సైట్లూ టోకున చేస్తామని ఒక ఏజెన్సీ వచ్చింది, ఒప్పుకోలేదు. నా సైటు డొమైన్, అంటే దాని చిరునామా, నా పేరున లేదు, చేసినాయన పేరునే ఉంది. దాన్ని విడిపించుకోవడానికి రెండు నెలలు తిరిగాను. అందరం ఒకరి చేతిలో పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండో విడత దసరాకు ముందు. వచ్చేవాళ్లు డొమైన్ ఎవరి పేరున ఉందో, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కుని రండి. ల్యాప్‌టాప్ తేనక్కర్లేదు, మీరు రోజూ వాడే ఫోన్ చాలు.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం