వేలంలో కొన్న ఎయిర్ రైఫిళ్లు: మీరివ్వని జవాబు గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

ఇది రైఫిళ్ల మీద ఫిర్యాదు కాదు. రెండూ బాగానే ఉన్నాయి, వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ మీతో. డబ్బు కట్టేదాకా గంటకో మెసేజ్ పెట్టిన మీరు, కట్టాక మనిషి గొంతు వినిపించుకోవడం మానేశారు.

మీ హైదరాబాద్ వేలంలో పాత ఎయిర్ రైఫిళ్లు రెండు కొన్నాను. క్యాటలాగ్‌లో ఒకదానికి ‘జర్మన్ డయానా, 1930ల నాటిది’ అనీ, రెండోదానికి బ్రిటన్ తుపాకుల కంపెనీ పేరుతో ‘బీఎస్ఏ, 1904’ అనీ రాశారు. అవి ఏమిటో, ఏ కాలానివో ధ్రువీకరిస్తూ కాగితం ఇస్తామన్నదీ మీరే. పార్శిల్ వచ్చింది, కాగితం రాలేదు.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి పిన్‌కోడ్ అడిగింది. పర్లాకిమిడి అనగానే, ‘మీది ఒడిశా కదండీ, కోల్‌కతా ఆఫీసు చూస్తుంది’ అని పెట్టేసింది. కోల్‌కతా వాళ్లేమో లాట్ హైదరాబాద్‌ది, ఫైలు మాకు కనబడదన్నారు. మళ్లీ హైదరాబాద్‌కి చేస్తే, ఒడిశాలో ఉండి తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నారని ఒకాయన నన్నే ఆరా తీశాడు. 1936లో రాష్ట్రం గీత గీసినప్పుడు మా ఊరు అటు పడింది. ఇంట్లో మాట మారలేదు. తెలుగు, ఒడియా, హిందీ, మీకు ఏది వీలైతే అందులో జవాబివ్వండి, చదువుకుంటాను. పిన్‌కోడ్ చూసి మనిషిని అటూ ఇటూ తోసెయ్యడం మాత్రం భరించలేను.

తర్వాత ఫొటోలు పంపమన్నారు, పంపాను. ‘సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారు? ఎవరు? అడిగితే కొత్త నంబరుతో కొత్త ఫిర్యాదు తెరిచి, మళ్లీ అవే ఫొటోలు అడిగారు.

చివరికి మీ నిపుణుడంటూ ఒకాయన లైన్లోకి వచ్చాడు. ఆ జర్మన్ డయానా మీద ‘మేడ్ ఇన్ గ్రేట్ బ్రిటన్’ అని చెక్కి ఉందని చెప్పాను. డయానా కంపెనీ 1890లో జర్మనీలోని రాస్టాట్‌లో పుట్టింది, నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాని యంత్రాలూ, పేరూ నష్టపరిహారం కింద బ్రిటన్‌కి వెళ్లాయి. స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్‌లో మిల్‌బ్రో వాళ్లు ఆ పేరుతో తుపాకులు చేశారు. నా దగ్గరున్నది అదే, యుద్ధం తర్వాతది. ‘పేరు డయానాయే కదా సార్’ అన్నాడు. బీఎస్ఏ సంగతీ చెప్పాను: 1904 అనేది తుపాకుల తయారీదారు లింకన్ జెఫ్రీస్ ఆ రైఫిల్ డిజైన్‌కి తీసుకున్న పేటెంట్ సంవత్సరం, బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ తయారీ మొదలుపెట్టింది 1905లో. ‘పాతదే కదా సార్, ఏ సంవత్సరమైతే ఏముంది’ అన్నాడు. కనుక్కుని చేస్తానని పెట్టేశాడు. ఇంతవరకూ చెయ్యలేదు.

ఏముందా? పురావస్తువో కాదో తేల్చడానికి 1972 చట్టం నూరేళ్ల లెక్క చూస్తుంది. రేపు అమ్మాలన్నా, దేశం దాటించాలన్నా ఎవరైనా అడిగేది ఆ సంవత్సరమే. పాత వస్తువులు అమ్ముకుని బతికే సంస్థలో ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

మీ క్యాటలాగులు పోస్టులో వచ్చే రోజుల నుంచీ మీ దగ్గర కొంటున్నాను. గడియారాలు, తూకాలు, ఇత్తడి దీపాలు, ఏదీ వెనక్కి పంపలేదు. గుణుపురం, రాయగడలో ఈ సరదా ఉన్నవాళ్లని మీ దగ్గరికి పంపింది నేనే. వాళ్లిప్పుడు నన్ను అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?

క్యాటలాగ్ రాసినవాళ్ల సంతకంతో రెండు రైఫిళ్ల వివరాలూ సరిదిద్ది కాగితం పంపండి. తేల్చలేకపోతే తేల్చలేమనే రాసివ్వండి, అదీ జవాబే. ఆ నిపుణుడి చేత క్షమాపణ కూడా చెప్పించండి. లేదంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు ఉన్నచోటే కేసు వెయ్యొచ్చు. హైదరాబాదా కోల్‌కతానా అని నన్ను తిప్పడానికి వీల్లేదు, మీరే మా గజపతి జిల్లాకి రావాలి. వేలం బిల్లు, మీ మెసేజ్‌లు, కాల్ రికార్డులు అన్నీ దాచాను.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా