జాలరిపేటకు పది రోజులు కేటాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సముద్రం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థలు మన విశాఖలో ఉన్నన్ని రాష్ట్రంలో మరెక్కడా కనిపించవు. జాతీయ సముద్ర అధ్యయన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. చేపల మీద, వలల మీద పరిశోధనకు వేరే కేంద్రాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం సరేసరి. అన్నీ జనం పన్నులతో నడిచేవే. అవి జనానికి తిరిగి ఏమివ్వాలన్నదే నా లేఖ విషయం.

రెండేళ్ల కిందట సైన్స్ దినోత్సవానికి మా సర్కారు బడి పిల్లల్ని నగరంలో ఒక పరిశోధన సంస్థకు తీసుకెళ్లాను. హాలు నిండా పోస్టర్లే, ఒక్కటీ తెలుగులో లేదు. పెదజాలరిపేట నుంచి వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక మ్యాప్ ముందు ఆగిపోయింది. డాల్ఫిన్స్ నోస్, హార్బర్, ఆర్కే బీచ్ వంపు గుర్తుపట్టింది. "మేష్టారూ, ఇది మన బీచే కదండీ, ఈ బాణాలేంటి?" అని అడిగింది. అక్కడున్న పెద్దాయన ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి, ముఖ్య అతిథి వచ్చారని వెళ్లిపోయారు.

పక్కనే ఉన్న ఒక యువ పరిశోధకుడు వచ్చి నేల మీద కూర్చున్నాడు. కాగితం వెనక తీరం గీశాడు. మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు ఇసకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయనీ, దారిలో హార్బర్ రాతిగోడలు అడ్డు పడి ఇసక అటే ఆగిపోతుందనీ, ఆర్కే బీచ్‌కు రావలసిన వాటా రాక ఒడ్డు కోసుకుపోతోందనీ, అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో ఇసక తవ్వి తెచ్చి ఇటు పోస్తారనీ తెలుగులో చెప్పాడు. ఆ పిల్ల వెంటనే, "మా నాన్న కూడా అదే అంటారండి, ఎండాకాలం నీరు ఉత్తరం వైపు లాగుతాదని" అంది. ఆ కుర్రాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "మీ నాన్నగారు ఏ నెలలో తిరుగుతుందంటారమ్మా?" అని అడిగి రాసుకున్నాడు.

సామాజిక బాధ్యతంటే నా లెక్కలో ఆ పది నిమిషాలే. తర్వాత పిల్లలకు టోపీలు, నోటు పుస్తకాలు పంచి గ్రూప్ ఫొటో తీశారు. సంస్థ చేసిన సేవగా బయటికి కనిపించేది ఆ ఫొటోయే. నోటు పుస్తకాలివ్వడానికి ఈ ఊళ్లో దాతలకు కొదవ లేదు. మన సముద్రం గురించి మన పిల్లలకు చెప్పగలిగేవాళ్లు మాత్రం ఆ గోడల లోపలే ఉన్నారు.

కంపెనీల సామాజిక బాధ్యత వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం అందుకు ఖర్చు పెట్టాలి. పరిశోధన సంస్థకు లాభం ఎక్కడిది? దాని ఆస్తి తెలివి. ఈ సంగతి గ్రహించే కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2022 మే నెలలో 'శాస్త్రీయ సామాజిక బాధ్యత' మార్గదర్శకాలు ఇచ్చింది. శాస్త్రవేత్తలు ఒక్కొక్కరూ ఏడాదికి కనీసం 10 పని దినాలు సమాజం కోసం వెచ్చించాలని అందులో ఉంది. మన నగరంలోని సంస్థలు ఆ పది రోజుల్ని ఎక్కడ, ఎవరితో గడిపాయో ప్రతి ఏటా తెలుగులో ప్రకటించాలని కోరుతున్నాను.

తెలుగులో సైన్స్ చెప్పడం కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలతో సముద్రం పైనీటి వేడిని, నాచు జాడను చూసి, చేపలు ఎక్కడ గుమిగూడవచ్చో తెలుగులో కూడా చెబుతోంది. వేటకెళ్లేవాడికి డీజిల్ ఆదా అయ్యే సమాచారం అది.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1950లలో అమెరికన్ శాస్త్రవేత్త లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి మనవాళ్లతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచారు. మన తీరానికి అవతల, నీటి అడుగున కనుగొన్న లోతైన లోయల్లో ఒకదానికి ఆంధ్ర పేరు, ఇంకోదానికి ఇక్కడి ప్రొఫెసర్ మహదేవన్ పేరు పెట్టారు. ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పిన నాకే ఇది రిటైరయ్యే ముందు తెలిసింది. రోజూ బీచ్ రోడ్డు మీద బడికెళ్లే పిల్లలకు ఎవరు చెబుతారు?

నా విన్నపం ఒకటే. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ పేటలోనే ఉంటారు, పిల్లలకూ వేసవి సెలవులు. శాస్త్రవేత్తలు తమ పది రోజుల్ని అప్పుడు జాలరిపేటలో, ఫిషింగ్ హార్బర్‌లో గడపాలి. వేట నిషేధం ఎందుకో, చిన్న కన్ను వలతో నష్టమేమిటో, తుఫాను హెచ్చరికలో ఏ మాటకు ఏ అర్థమో ఎదురుగా కూర్చుని చెప్పాలి. చెప్పడమే కాదు, వినాలి కూడా. ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో, ఏ చేప తగ్గిందో తరతరాలుగా చూసినవాళ్లు వాళ్లు.

ఖర్చు పెద్ద సమస్య కాదు. కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధుల్ని జాతీయ పరిశోధన సంస్థలకు ఇచ్చే వెసులుబాటు కూడా ఇప్పుడుంది. నగరంలోని పెద్ద పరిశ్రమలు ఆ డబ్బుతో తెలుగు చార్టులు అచ్చు వేయించి, సర్కారు బడి పిల్లలకు బస్సు ఏర్పాటు చేస్తే చాలు.

పోస్టర్లను తెలుగులోకి మార్చడానికి మనుషులు లేరంటే నేనున్నాను. పైసా అక్కర్లేదు. నాతో పాటు రిటైరైన సైన్స్ మేష్టర్లు మరో నలుగురు సిద్ధంగా ఉన్నారు. ఏ సంస్థ పిలిచినా రేపే వస్తాం.

— ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం